పాత కారు బాడీకి తుప్పు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవన్నీ పదేళ్లు దాటిన కార్ల గురించిన ప్రశ్నలు. మారుతి 800, ఓమ్నీ, జెన్, శాంత్రో, అంబాసిడర్, పాత బొలెరో ఏదైనా సరే, తుప్పు దారి ఒకటే. నీళ్లు నిలిచినచోట పుట్టి, లోపలి నుంచి తింటూ, చివరికి బయట కనిపిస్తుంది. కాబట్టి కనిపించిన చోట మాత్రమే పని చేసి ఊరుకుంటే లాభం లేదు.

మాది సముద్రం ఒడ్డు కాదు. అయినా ఉప్పు గాలి పని చేస్తుందా?

దూరాన్ని బట్టి. అలలు విరిగేచోట లేచిన తుంపర్లలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు కిలోమీటర్లలోనే రాలిపోతుంది. కళింగపట్నం, భావనపాడు, బారువ, అటు చింతపల్లి, కోనాడ ఊళ్లలో ఆరుబయట ఉండే బండికీ, పాలకొండలోనో బొబ్బిలిలోనో తిరిగే అదే మోడల్ బండికీ రేకులో తేడా అందుకే. తుఫాను గాలులకు మాత్రం ఈ లెక్క వర్తించదు, అప్పుడు ఉప్పు చాలా లోపలిదాకా వస్తుంది. నౌపడ ఉప్పు మడుల పక్కన రోజూ తిరిగే బండి సంగతి వేరే చెప్పాలా!

ఉప్పుతో అసలు చిక్కు, అది తడిని పట్టి ఉంచుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. మన తీరంలో రాత్రి తేమ 75 దాటడం మామూలే కాబట్టి, చుక్క వాన పడకపోయినా ఉప్పు పట్టిన రేకు రాత్రంతా తడిగానే ఉంటుంది. పైగా ఇనుమును తినే క్లోరైడ్ ఆ పనిలో ఖర్చయిపోదు. తుప్పు గుంటల అడుగున దాక్కుని మళ్లీ మళ్లీ తింటుంది. సగం గోకి రంగేసిన తుప్పు తిరిగి రావడం ఇందువల్లే.

రంగు కింద చిన్న బుడగ కనిపిస్తోంది. ఎంత లోతుకు దిగిందో ఎలా తెలుస్తుంది?

బొటనవేలితో గట్టిగా నొక్కండి. గట్టిగానే ఉండి, గోకితే కింద మెరిసే ఇనుము వస్తే అది పైతుప్పు. ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. గోకాక నల్లటి గుంటలు కనిపిస్తే మధ్యరకం. నొక్కితే కరకరలాడినా, స్క్రూడ్రైవర్ పిడితో తడితే టంగుమనకుండా మొద్దుగా మోగినా, రేకు లోపలి నుంచి పోయినట్టే. దానికి వెల్డింగ్ తప్పదు.

తుప్పు తాను తిన్న ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రంగు ఉబ్బేది అందుకే. బుడగ పావలా అంత ఉంటే కింద తుప్పు రూపాయి బిళ్లంత ఉంటుందనుకుని పని మొదలుపెట్టండి.

ముందుగా ఏయే చోట్ల వెతకాలి?

డోర్ల అడుగు అంచులతో మొదలుపెట్టండి. అద్దం బీడింగు దగ్గర కారిన నీళ్లు డోరు లోపలికే దిగుతాయి. అవి పోవడానికి డోరు కింద రెండు మూడు డ్రెయిన్ రంధ్రాలుంటాయి. దుమ్ము, ఆకుల పొడి వాటిని మూసేస్తే డోరు తొట్టి అవుతుంది. సైకిల్ పుల్ల ఒకటి దూర్చి చూడండి, చాలా బండ్లలో బురద రాలుతుంది. పుల్లతో లోపలి పెయింట్ గీసేయకూడదు, మెల్లగా తిప్పాలి.

తర్వాత ముందద్దం కింద వైపర్ల పళ్లెం. కవిటి, సోంపేట, కంచిలి వైపు కొబ్బరి చెట్ల కింద పెట్టే బండ్లలో ఇక్కడ పూత, పీచు, ఆకులు కుళ్లి తడిగా ఉండిపోతాయి. ఆ నీరు పొంగి క్యాబిన్‌లోకి దిగి, మ్యాట్ కింద ఫ్లోరును తింటుంది. ముందు మ్యాట్లు లేపి, వాటి కింద గోనె లాంటి శబ్దం ఆపే పొరను పిండి చూడండి. ఎడమవైపు ముందు సీటు కాళ్ల దగ్గరే తడి ఉంటే వాన కాకపోవచ్చు, ఏసీ డ్రెయిన్ గొట్టం మూసుకుపోయి నీళ్లు లోపల పడుతుండవచ్చు.

వెనక చక్రాల పైన వీల్ ఆర్చ్ లోపలి మడత, రన్నింగ్ బోర్డుల అడుగు, డిక్కీలో స్టెప్నీ గుంట, టెయిల్ ల్యాంపుల రబ్బరు వెనక, జాకీ పెట్టే చోట్లు కూడా వదలొద్దు. బ్యాటరీ పళ్లెం కథ వేరు, అక్కడ తినేది యాసిడ్. తినేసోడా కలిపిన నీళ్లతో కడిగి, పొంగు ఆగేదాకా మళ్లీ పోసి, ఆ తర్వాతే గోకాలి.

చేతివేలంత మచ్చను ఇంట్లో ఎలా బాగుచేసుకోవాలి?

కావలసినవి: 80, 180, 320, 600, 2000 నంబర్ల ఎమెరీ పేపర్లు, మాస్కింగ్ టేపు, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్, హార్డెనర్‌తో వచ్చే రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్, మీ బండి రంగు కోడ్‌తో కలిపించిన పెయింట్, క్లియర్ (రంగు మీద వేసే పారదర్శక పూత), మంచి థిన్నర్, మెత్తటి నూలు గుడ్డలు. రంగు కోడ్ కంపెనీ అతికించిన ప్లేటు మీద ఉంటుంది. ఇంజిన్ గదిలోనో డోరు పిల్లర్ మీదో వెతకండి. కోడ్ ప్రకారం కలిపించినా పాత రంగు ఎండకు వెలిసి ఉంటుంది కాబట్టి, పెట్రోలు మూతను తీసుకెళ్లి దానితో పోల్చి సరిచేయించుకోండి.

షాంపూతో కడిగి ఆరాక, ఎమెరీ పట్టే ముందే థిన్నర్ గుడ్డతో తుడవాలి. లేదంటే పాలిష్ జిడ్డు ఎమెరీ గీతల్లోకి దిగుతుంది. చుట్టూ టేపు వేసి, 80 నంబరుతో తుప్పునంతా తీసి, మచ్చ అంచు దాటి మరో రెండు మూడు సెంటీమీటర్లు మంచి ఇనుము కనిపించేదాకా వెళ్లండి. గ్రైండర్ పెట్టే పనైతే రాయి చక్రం వద్దు. బయటి రేకు మందమే 0.7, 0.8 మిల్లీమీటర్లు, రాయి దాన్ని కాగితం చేసేస్తుంది. వైర్ బ్రష్ చక్రం తుప్పును తీయకుండా పాలిష్ పట్టి నున్నగా చేస్తుంది, మెరుపు చూసి మోసపోవద్దు.

మిగిలిన నల్లటి గుంటలకే రస్ట్ రిమూవర్. బ్రష్‌తో రాసి, డబ్బా మీద రాసినంతసేపు తడిగా ఉంచి, నీళ్లతో రెండుసార్లు కడగాలి. మధ్యలో ఎండిపోతే అదే ద్రవంతో మళ్లీ తడిపి అప్పుడు కడగాలి. ఆమ్లం మిగిలితే పైన వేసే ఎపాక్సీ సరిగ్గా గట్టిపడదు, పట్టు వదిలేస్తుంది. కడిగిన వెంటనే గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి పట్టండి. ఆలస్యమైతే కళ్లముందే పసుపు చాయ వస్తుంది.

అంచుల్ని 180, తర్వాత 320తో వాలుగా దిద్ది, వేలితో రాస్తే మెట్టు తగలకుండా చేయండి. అదీ చేతి తొడుగుతోనే, చెమటలో కూడా ఉప్పే కదా. థిన్నర్‌తో తుడిచిన గంటలోపు ఎపాక్సీ పడాలి. పొద్దున ఇనుము బయటపెట్టి రంగు రేపు వేద్దాం అనుకునే పని మన తీరంలో చేయకూడదు.

ఎపాక్సీ రెండు పల్చటి కోట్లు, మధ్యలో డబ్బా చెప్పినంత విరామం. బేస్, హార్డెనర్ పాళ్లు కంపెనీని బట్టి మారతాయి, కంటి అంచనా వద్దు, కొలగిన్నె వాడండి. మర్నాడు గుంట ఉంటే లప్పం పెట్టి, పొడిగా రుద్ది, మళ్లీ ఒక కోటు ప్రైమర్, 600తో నునుపు, ఆపైన రంగు రెండు మూడు కోట్లు, క్లియర్ రెండు కోట్లు. క్లియర్ వారం రోజులు గట్టిపడ్డాకే 2000 పేపరు, పాలిష్.

రస్ట్ కన్వర్టర్ రాస్తే గోకే పనే లేదంటున్నారు. నిజమేనా?

కాదు. టానిక్ యాసిడ్ రకం తుప్పును నీలినలుపు టానేట్‌గా మారుస్తుంది, ఫాస్ఫారిక్ రకం ఫాస్ఫేట్‌గా. రెండూ పైపొరనే మారుస్తాయి, పొరలుపొరలుగా లేచే మందపు తుప్పు అడుగుకు చేరవు. గోకగా మిగిలిన దానికి అది మంచి సాయం. చేయి దూరని ఫ్లోరు మడతల్లో, ఛాసిస్ మూలల్లో అదే దిక్కు. కనిపించే ప్యానెల్ మీద దాన్నే నమ్ముకోవద్దు.

షాపులో డెంటింగ్, పెయింటింగ్ చేయించాం. ఏడాది తిరక్కుండానే అదే చోట బుడగలు. తప్పు ఎక్కడ జరిగింది?

దాదాపు ఎప్పుడూ లప్పం దగ్గరే. పాలిస్టర్ లప్పం గట్టిపడ్డాక కూడా నీళ్లు పీలుస్తుంది. మన వైపు చాలా షాపుల్లో దాన్ని వాటర్ పేపరుతో, నీళ్లు పోస్తూ రుద్దుతారు. దుమ్ము లేవదు, పేపరు మూసుకుపోదు, నునుపు బాగా వస్తుంది. కానీ పీల్చిన నీరు లోపలే ఉండగా పైన ప్రైమర్, రంగు పడతాయి. ఎండకు బండి వేడెక్కితే ఆ తేమకు బయటికి దారి ఉండదు, ఇనుము దగ్గరికే పోతుంది. దుమ్ము ముక్కులోకి పోతుందన్న మేస్త్రి బాధా నిజమే, దానికి మాస్కు ఇవ్వండి గానీ నీళ్లు ఒప్పుకోవద్దు. నీళ్లు పోసి రుద్దే పని ఎపాక్సీ మీదా, రంగు మీదా చేసుకోవచ్చు.

లప్పం వేసిన చోటు కూడా చూడాలి. తుప్పు మీద నేరుగా వేస్తే కొన్ని నెలలే ఆగుతుంది. ముందు ఎపాక్సీ, దాని మీద 80 లేదా 180తో గీత, అప్పుడు లప్పం. మందం మూడు మిల్లీమీటర్లు మించితే వేడికి, కుదుపులకు పగులుతుంది. అంతకన్నా లోతైన సొట్టను రేకు లాగి పైకి తేవాల్సిందే. హార్డెనర్ వందకు రెండు పాళ్లు, అంటే 100 గ్రాముల లప్పానికి 2 గ్రాములు. మే నెల ఎండలో కాస్త తగ్గించవచ్చు. త్వరగా ఆరాలని ఎక్కువ కలిపితే తర్వాత హార్డెనర్ మరక పైరంగులోకి ఎక్కుతుంది. షాపుల్లో కలిసిన రంగు చూసి అంచనా వేస్తారు. చేయి తిరిగినవాళ్లకు అది సరిపోతుంది, అందరికీ కాదు.

ఇంకో అలవాటు రెడ్ ఆక్సైడ్. గేట్లకూ కిటికీ ఊచలకూ వాడే ఆ ప్రైమర్ నెమ్మదిగా ఆరుతుంది. పైన పడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లేదా పీయూ (పాలీయురథేన్) పెయింట్ థిన్నర్ దాన్ని ముడతలు పెట్టి లేపేస్తుంది. ధర తక్కువని కారుకు వాడితే రెండోసారి రంగు ఖర్చు తప్పదు.

ప్యానెల్ వెనక వైపు ఏం చేశారని కూడా అడగండి. డోరు పైన అద్దంలా చేసి, లోపల అడుగున తుప్పును అలాగే వదిలేస్తే అది తిరిగి రాక ఏం చేస్తుంది?

రేకు తినేసి రంధ్రం పడింది. ఫైబర్ మ్యాట్ అతికించవచ్చా?

డోరు అంచుకో మడ్‌గార్డుకో తాత్కాలికంగా, వానాకాలం దాటించడానికైతే సరే. రన్నింగ్ బోర్డు, ఫ్లోరు, సీటు బోల్టులు, సీటు బెల్టు బిగించే చోటు, సస్పెన్షన్ పట్టే చోట్లకు మాత్రం వెల్డింగ్ ఒక్కటే దారి. గుద్దినప్పుడు మనిషిని ఆపేవి ఆ రేకులే. అక్కడ ఫైబరు, లప్పం, రివెట్ పట్టీ వేస్తానన్న మేస్త్రి దగ్గర బండి పెట్టకండి.

పాత రేకును తుప్పు దాటి మంచి ఇనుము వచ్చేదాకా కోయించాలి. పల్చబడ్డ అంచుకు వెల్డింగ్ పట్టదు, కాలిపోతుంది. కొత్త ముక్కకు బయటి ప్యానెల్‌కైతే 22 గేజ్, అంటే 0.7 మిల్లీమీటర్ల రేకు, ఫ్లోరుకూ రన్నింగ్ బోర్డుకూ 20 గేజ్, అంటే 0.9 సరిపోతుంది. గ్యాస్ వెల్డింగ్ వేడికి చదును ప్యానెల్ అలలు తిరుగుతుంది, సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో తీగను కరెంటుతో కరిగించి అతికేది) ఉన్న షాపు చూసుకోండి. ఏకబిగిన గీత లాగకుండా చుక్కలు చుక్కలుగా, ఒకటి ఇక్కడ ఒకటి అక్కడ పెట్టి, చల్లారనిస్తూ కలపాలి. జీఐ రేకు వాడితే అతుకు దగ్గర జింకు పూత గోకించాలి. కాలిన జింకు పొగ పీలిస్తే ఆ రాత్రి జ్వరం, వణుకు వస్తాయి.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి. పెట్రోలు ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకు దించాల్సిందే, గ్యాస్ కిట్ ఉంటే సిలిండర్ కూడా. మ్యాట్లు, స్పాంజి తీసి, పక్కన నీళ్ల బకెట్, తడి గోనె ఉంచాలి. అతుకు అయ్యాక రెండు వైపులా ఎపాక్సీ, అతుకు గీత మీద పీయూ సీలెంట్. బాత్రూమ్ సిలికాన్ వద్దు. పుల్లటి వాసన వచ్చే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, పైగా దాని మీద రంగు నిలవదు.

రంగు పని ఏ నెలల్లో చేయించాలి?

డిసెంబరు చివరి నుంచి మార్చి దాకా. ఈశాన్య వానలు అయిపోయి గాలి కాస్త పొడిగా ఉంటుంది. వానాకాలంలో తప్పకపోతే పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు డబ్బా తెరవొద్దు. ఎన్‌సీ పెయింట్ తేమ పట్టి పాలు పోసినట్టు తెల్లబారేది అలాంటి రోజుల్లోనే.

అండర్ బాడీ కోటింగ్ మంచిదా? కొందరు పాత ఇంజిన్ ఆయిల్ కొట్టమంటున్నారు.

కొత్త బండికి మంచిదే. పాత బండిలో తుప్పు మీద తారు రకం నల్ల కోటింగ్ కొట్టించడం మాత్రం దాన్ని కప్పెట్టి పెంచడమే. కొన్నేళ్లకు తారు గట్టిపడి పగులుతుంది, పగుల్లోకి నీరు దిగి బయటికి రాదు. పైకి నల్లగా నిగనిగలాడుతూ, వేలితో ఊడదీస్తే రేకుతో సహా వస్తుంది. కొట్టించే ముందు అడుగును ప్రెషర్ వాటర్‌తో కడిగించి, రెండు మూడు రోజులు ఎండబెట్టి, వదులు తుప్పు గోకి, ఎపాక్సీ వేయించి, అప్పుడు రబ్బరు రకం కోటింగ్. డ్రెయిన్ రంధ్రాలకు, సైలెన్సర్‌కు, ప్రొపెల్లర్ షాఫ్టుకు, బ్రేకులకు అది తగలకూడదు.

మూసి ఉన్న పెట్టెల్లాంటి చోట్లకు, అంటే డోరు లోపలికీ రన్నింగ్ బోర్డు లోపలికీ, గట్టిపడే కోటింగ్ కాదు, మైనం రకం క్యావిటీ వ్యాక్స్ కావాలి. పొడుగు గొట్టంతో ఉన్న రంధ్రాల్లోంచే కొడుతూ, కింది డ్రెయిన్‌లోంచి చుక్కలు కారేదాకా ఆపొద్దు. అవి మూసుకుపోకుండా తర్వాత పుల్లతో తెరవండి. పాత బండికి ఒకే ఒక్క పని చేయించే స్తోమత ఉంటే ఇదే చేయించండి.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ తుప్పును కొంత ఆపుతుంది, కాదనలేం. కానీ అది సస్పెన్షన్ రబ్బరు బుష్షులను ఉబ్బించి పాడుచేస్తుంది, బ్రేకుల మీద పడితే ప్రమాదం, కారిన ప్రతి చుక్కా నేలలోకే దిగుతుంది. వద్దు.

బోరు నీళ్లతో కడగవచ్చా?

తీరం దగ్గర ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటే దానితో కడగడం ఉప్పు పూయడమే. నోట్లో వేసుకుంటే ఉప్పన తెలిసే నీటిని బండికి పోయొద్దు. మురికి వదలడానికి తప్పకపోతే వాడి, చివరి రెండు బకెట్లు కుళాయి నీళ్లో పట్టిన వాన నీళ్లో పోయండి. బీచ్ ఇసుకలో నడిపిన రోజైతే ఆ సాయంత్రమే కింద నుంచి, చక్రాల ఆర్చ్‌లలోకి నీళ్లు కొట్టాలి. కడిగాక అన్ని డోర్లు, డిక్కీ తెరిచి ఓ అరగంట ఎండలో ఉంచండి.

ఓమ్నీలో చేపల పెట్టెలు వేసుకెళ్తాం.

ఐసు కరిగిన ఉప్పునీరు ఫ్లోరు మీద పడితే రెండు మూడేళ్లలో కింద రోడ్డు కనిపిస్తుంది. థర్మాకోల్ పెట్టెలు కారతాయి. అంచు పైకి లేచిన ప్లాస్టిక్ ట్రే లేదా ఒకే ముక్క మందపు టార్పాలిన్ గోడల మీదికి మడిచి పరవాలి. మ్యాట్లు, గోనె పొర పూర్తిగా తీసేయండి. రోజూ మంచినీళ్లతో ఫ్లోరు కడిగి, రంధ్రాల రబ్బరు మూతలు తీసి ఆరనివ్వాలి. పని అయిందని వెంటనే తలుపులు మూసి పెట్టొద్దు.

కవర్ కప్పి ఉంచితే?

గాలి ఆడని ప్లాస్టిక్ కవర్ తేమను బంధిస్తుంది. దాని కన్నా నాలుగు వైపులా గాలి వచ్చే రేకుల షెడ్డు మేలు. కవరే గతి అయితే గాలి ఆడే గుడ్డ రకం, అదీ బండి పూర్తిగా ఆరాకే.

ఎలక్ట్రానిక్ తుప్పు నిరోధక పరికరాలు పని చేస్తాయా?

కార్లకు పని చేయవు. ఓడల అడుగున, భూమిలో వేసిన పైపులకు, చిన్న కరెంటు పంపి తుప్పు ఆపే ఆ సూత్రం పనిచేసేది అవి నీటిలోనో తడి మట్టిలోనో మునిగి ఉంటాయి కాబట్టి. గాలిలో ఉన్న రేకుకు కరెంటు పారే ఆ దారి దొరకదు.

విప్పిన బ్రాకెట్లు, హింజీల తుప్పు సులువుగా ఎలా పోతుంది?

నిమ్మ ఉప్పు. లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపి ప్లాస్టిక్ టబ్బులో రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, తినేసోడా నీళ్లలో ముంచి, కడిగి, వెంటనే ఆరబెట్టి ప్రైమర్ వేయండి. స్ప్రింగులు, అతి గట్టి స్టీలు బోల్టులను ఆమ్లంలో వేయొద్దు, హైడ్రోజన్ చేరి పెళుసై విరుగుతాయి.

తుఫానుకు బండి మునిగింది. ముందేం చేయాలి?

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది అక్టోబరులోనే. ఆ నెల రాకముందే డ్రెయిన్లు శుభ్రం చేసి, గీతలకు రంగు వేసి ఉంచడం మంచిది. మునిగాక స్టార్ట్ చేయొద్దు, బ్యాటరీ తీసేయండి. ఫొటోలు తీసి బీమా కంపెనీకి కబురు చెప్పాక లోపలి పని. వంశధార, నాగావళి వరద నీరైతే బురద ఎక్కువ, సముద్రం పొంగిన నీరైతే ఉప్పు. రెండో దానికి ఆలస్యం అసలు పనికిరాదు, అదే రోజు మంచినీళ్లతో లోపలా బయటా కడగాలి. సీట్లు, మ్యాట్లు, గోనె పొర, డోర్ ప్యాడ్లు తీసి, రన్నింగ్ బోర్డు రంధ్రాల్లోకి నీళ్లు కొట్టి, కారేవి తేటగా వచ్చేదాకా కడిగి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక క్యావిటీ వ్యాక్స్. పైన సీట్లు ఆరాయి కదా అని గోనె పొరను అలాగే వదిలేస్తే నెలల తరబడి తడిగానే ఉంటుంది.

తుప్పుకు బీమా వస్తుందా? రంగు మారిస్తే?

వాడకం వల్ల వచ్చే అరుగుదల, తుప్పు బీమాలోకి రావు. రంగే మార్చేస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. పదిహేనేళ్లు దాటి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు బండిని తనిఖీకి తీసుకెళ్లే ముందే ఫ్లోరు, ఛాసిస్ పనులు పూర్తి చేసుకోండి.

తుప్పు పరంగా పాత కారు కొనేటప్పుడు ఏం చూడాలి?

ఫ్రిజ్‌కు అతికించే పల్చటి అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ప్యానెళ్ల మీద జరపండి, పట్టు సడలినచోట కింద లప్పం ఉంది. అమ్మేవారు ఒప్పుకోకపోయినా మ్యాట్ లేపి చూడండి. కింద అంతా నిన్నగాక మొన్న కొట్టిన నల్ల కోటింగ్ ఉంటే అనుమానించాలి, ర్యాంపు ఎక్కించి స్క్రూడ్రైవర్ పిడితో రన్నింగ్ బోర్డు పొడవునా తట్టుకుంటూ వెళ్లండి. డోర్లు, మడ్‌గార్డులు, బానెట్ తుప్పు పట్టినా పర్లేదు, అవి విడిగా దొరుకుతాయి. రన్నింగ్ బోర్డులు రెండూ, సస్పెన్షన్ పట్టే చోట్లూ తిన్న బండిని ఎంత చవకకిచ్చినా వదిలేయండి.